చాప కింద ముక్క: ఒక ఆటవెలదికి టీకా తాత్పర్యం

మూలం:

చాప కింద దాచి చాటుగా ముక్కను
ఎతుకు రాజ యనుచు నింటిపెద్ద
మూల నిలిచి చూడ మూతిని నేలకు
నాన్చి వెదకి పట్టు నదియె కుక్క

టీక: ముక్కను = ఎముక తీసి, ఉప్పు, మసాలా తగలకుండా ఉడికించిన కోడి ముక్కను (ఉల్లి అసలే కూడదు, కుక్క రక్తకణాలను చెరుపుతుంది); చాటుగా = దాని కంట పడకుండా; చాప కింద దాచి; ఎతుకు రాజ యనుచు = 'వెతుకు రాజా' అని కుక్కను చిత్తూరు మాటలో పురమాయిస్తూ; ఇంటిపెద్ద, మూల నిలిచి చూడ = కదలక మెదలక గోడ మూలన నిలబడి చూస్తుండగా; మూతిని నేలకు ఆన్చి, వెదకి పట్టునదియె, కుక్క = కుక్క అనిపించుకొనును. తక్కినవి గేటు దగ్గర మొరిగే జీవులని భావం.

'ముక్కను, ఎతుకు' దగ్గర సంధి ఏమైందని లాక్షణికులు కోప్పడతారు. 'నెతుకు' అంటే రాజాకు తెలియదు. పురమాయింపు రోజూ ఒకే తీరున చెవిన పడాలి. కవి కుక్క పక్షం వహించాడు.

తాత్పర్యం: మొదటి రోజే చాటు పనికిరాదు. అది చూస్తుండగా దాచి, అలవాటయ్యాక తలుపవతల కట్టేసి దాచాలి. ఆ పూట గచ్చును ఫినాయిలుతో తుడవకూడదు, ఫ్యాను ఆపాలి. తిరుపతి ఎండల్లో ఫ్యాను ఆపడమే తపస్సు, కాబట్టి తెల్లవారుజామున ఆడించడం మేలు.

విశేషాలు: ఈ విద్యకు ఆద్యురాలు దేవతల కుక్క సరమ. పణులనే అసురులు దాచిన ఆవుల జాడ తీయబోయిన ఆమె సంవాదం ఋగ్వేదం పదో మండలంలో 108వ సూక్తం. ఆమె సంతతి గనుకనే కుక్క సారమేయమైంది. నేడు శేషాచలం చుట్టుపక్కల ఎర్రచందనం దొంగల జాడ తీసే జాగిలాలదీ అదే వంశం. ఎర్రచందనానికి మంచిగంధంలా ఘుమఘుమ ఉండదు; మన ముక్కుకు అది ఉత్త కట్టె. వాటి ముక్కులో వాసన పట్టే కణాలు 20 కోట్ల పైమాట. పైగా వదిలే గాలి ముక్కుపుటాల పక్క చీలికల్లోంచి పోతుంది, లోపలికొచ్చే వాసన చెదరదు.

పద్యానికి ప్రాణం మాత్రం 'మూల నిలిచి' అన్నదే. కుక్క ముక్కు కంటే ముందు మన ముఖాన్ని చదువుతుంది. 2011లో అచ్చయిన పరిశోధనలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ పరిశోధకులు 18 జాగిలాలను, వాటి శిక్షకులను పరీక్షించారు. మత్తుమందు గానీ పేలుడు సరుకు గానీ ఎక్కడా దాచలేదు. ఎర్ర కాగితం ఉన్నచోట సరుకుందని శిక్షకులకు మాత్రం చెప్పారు. కుక్క పట్టేసిందని వాళ్ళు ప్రకటించిన చోట్లలో, కుక్కలను మరల్చడానికి సాసేజి ముక్కలు దాచిన చోట్ల కంటే కాగితం ఉన్న చోట్లే ఎక్కువ! జీతం తీసుకునే జాగిలాల సంగతే ఇదైతే, మన రాజా మాటేమిటి? చూపు చాప మీద పడిందా, ఆట అయిపోయినట్టే.

పాఠాంతరం: 'మూల నిలిచి చూడ' అన్నచోట 'వేలు చూపి చెప్ప' అని మా అవ్వ పాఠం. "పాపం, ఆకలిమింద ఉండాది. ఆడ సూడు నాయనా, చాప కింద" అని ఆమె వ్యాఖ్య. ఈ పాఠంలో యతి భంగం, ఆట కూడా భంగం. రాజాకు మాత్రం ఇదే సాధుపాఠం.