‘లేవు’ అను పదమునకు ఒక వ్యాఖ్య

మూలము

‘లోపల వాడుకరి బాగుచేయదగిన భాగములు లేవు. మోటారు తిరగనిచో అధీకృత సేవాకేంద్రమును సంప్రదించవలెను.’

అవతారిక

ఇంట్లో చెక్క మీద లతలు చెక్కుకునే చిన్న యంత్రం ఒకటుంది. టేకు పలక మీద తామరపువ్వు సగం విచ్చుకోగానే మోటారు ఆగింది. యంత్రంతో వచ్చిన పుస్తకం తెరిచాను. అట్టపెట్టె విప్పే విధానానికి నాలుగు పుటలు, మోటారు ఆగితే ఈ రెండు వాక్యాలు. ఇంత క్లుప్తంగా రాసినవారికి ఇంతవరకూ వ్యాఖ్యాత దొరక్కపోవడం అన్యాయం. మెదకు సీమ మల్లినాథసూరి కాళిదాసుకు టీక రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కరలేనిది చెప్పననీ ఒట్టుపెట్టుకున్నాడు. మొదటి ఒట్టు నాకూ సమ్మతమే.

ప్రతిపదార్థము

లోపల = స్పష్టము. భాగములు = స్పష్టము. మోటారు = తిరిగినంతకాలము స్పష్టము.

తిరగనిచో = చేదర్థకము. ఎట్లు తిరగనిచో? గుర్రుమంటూ తిరగదా? చప్పుడే లేక తిరగదా? రవ్వలు కక్కి ఆగి, చేత్తో కదిపితే మళ్లీ కాసేపు తిరుగుతుందా? మొదటిదైతే బేరింగు పట్టేసిందేమో చూడాలి. రెండోదైతే ముందు వైరు, స్విచ్చి. మూడోదైతే చాలాసార్లు కార్బన్లు. వైండింగ్ షాపు కుర్రాడు ఫోన్లోనే ఈ మూడూ అడుగుతాడు. గ్రంథకర్త మూడింటినీ ‘చో’ అనే ఒక్క అక్షరంలో పాతిపెట్టాడు.

అధీకృత = అధికారము పొందిన. ఈ అధికారం పొందినవారు యంత్రాన్ని పంతొమ్మిది రోజులు ఉంచుకుని, ‘మోటారు మొత్తం మార్చాలి సార్’ అన్నారు. వెనక్కి తెచ్చి చూస్తే స్క్రూ గాళ్లలో మా ఇంటి టేకు పొట్టు చెక్కు చెదరకుండా ఉంది. పొట్టు హేతువు, విప్పలేదన్నది సాధ్యం. పొగను చూసి నిప్పును ఊహించడం కంటే ఇది తేలిక.

లేవు = ఇచ్చట కొంత ఆగవలెను.

‘లేదు’ అన్న మాటను మనవాళ్లు ఊరికే పోనివ్వలేదు. తర్కసంగ్రహంలో అన్నంభట్టు అభావాన్ని ఏడో పదార్థంగా లెక్కపెట్టి నాలుగుగా చీల్చాడు. పుట్టకముందు లేకపోవడం ప్రాగభావం. నశించాక లేకపోవడం ప్రధ్వంసాభావం. గాలికి రూపం లేనట్టు మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. కుండ గుడ్డ కాదనడం అన్యోన్యాభావం. మరి మన గ్రంథకర్త ‘లేవు’ వీటిలో ఏది?

అత్యంతాభావమే అని పూర్వపక్షం. అది నిలవదు. మోటారుకు రెండు పక్కలా నాణెమంత నల్లటి మూతలున్నాయి, వాటికి స్క్రూడ్రైవరు పట్టే గాళ్లున్నాయి. లోపల తీయవలసిందే లేకపోతే గాడి ఎందుకు? పగలు తినని దేవదత్తుడు లావెక్కుతుంటే రాత్రి తింటున్నట్టే అని మీమాంసకులు చెప్పే అర్థాపత్తి ఇదే.

ప్లగ్గు పీకి మూతలు తిప్పాను. లోపల స్ప్రింగు, దాని కొనన కార్బను. తిరిగే రాగి కమ్యుటేటరును ఒరుసుకుంటూ కరెంటు అందించడం దాని పని. ఒరుసుకున్నంతకాలం అరుగుతుంది, అరగడానికే దాన్ని పెట్టారు. ఒకటి చిటికెనగోరంత మిగిలింది. రెండోది 3 మిల్లీమీటర్లు, స్ప్రింగు ఇక సాగలేక దాన్ని వదిలేసింది. ఇది ప్రధ్వంసాభావం. దీనికి ఆది ఉంది, అంతం లేదు. అరిగిన బొగ్గు తిరిగి పెరగదు.

కొత్త జత కోసం వెళితే ‘సోమవారం వస్తాయి’ అన్నారు. ప్రాగభావం. దీనికి ఆది లేదుగాని అంతం ఉందని అన్నంభట్టు మాట. ఆయన మూడు సోమవారాలు ఆ కొట్టు చుట్టూ తిరగలేదు. నాలుగో సోమవారం వచ్చిన జత ఒక వెంట్రుకవాసి మందం ఎక్కువ, గూట్లో దూరలేదు. ఇది అది కాదు కనుక అన్యోన్యాభావం. గరుకు కాగితం మీద మెల్లగా రుద్ది, గూట్లో స్వేచ్ఛగా జారేదాకా సన్నం చేశాను. కమ్యుటేటరు మీది నల్లమసి గుడ్డతో తుడిచాను, గాలి కంతల్లో పొట్టు ఊదాను. తిరిగింది. మొదట్లో కాస్త రవ్వలు వేసి, కార్బను ఒంపు కుదిరాక సర్దుకుంది.

జత ఖరీదు నలభై రూపాయలు. వాళ్లు మార్చమన్న మోటారు ఖరీదు రాస్తే టీక స్వరం చెడుతుంది. అరిగేవని తెలిసే చేశారు, బయటినుంచే మార్చుకునేలా మూతలూ పెట్టారు. ఇంత బాగా ఆలోచించిన చేతికి, ‘రవ్వలు వేస్తే కార్బన్లు చూడండి’ అని ఒక్క ముక్క రాయడానికి సిరా కరువైందా?

తాత్పర్యము

మూత ముట్టకు, మోటారు కొను.

విశేషము

దీని తరువాతి వాక్యము: ‘మూత తెరచినచో హామీ చెల్లదు.’ కొన్న ఏడాదికే గడువు తీరినందున హామీకిది ప్రధ్వంసాభావము. మిగిలినది స్పష్టము.