ఫారిన్ పార్టీ వచ్చాడండీ

ఫారిన్ పార్టీ అంటే సరుకు చూడకుండా, బేరమాడకుండా, చెప్పిన రేటు మీద మరికొంత వేసి కొంటాననే కొనుగోలుదారు. కంటికి కనపడడు, ఫోనుకు దొరకడు, వాట్సాప్‌లో మాత్రం అర్ధరాత్రి కూడా పలుకుతాడు. రాజమండ్రి ఆటోనగర్‌లోనో, తణుకు, భీమవరం, అమలాపురం షెడ్లలోనో పాత కారు విప్పి, పనికొచ్చే సామాన్లకు ఫొటోలు తీసి నెట్‌లో పెట్టినవాడి తలుపు మొదట తట్టేది ఇతగాడే. నిజంగా ఆ సామాను కావలసినవాడి కంట ఆ ఫొటో పడేసరికి నెలలు పట్టవచ్చు. ఇతడికి గంట చాలు.

సరుకు సంగతి మాత్రం బూటకం కాదు. అంబాసిడర్ కారు ఇంగ్లండు వారి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 అచ్చు మీద పుట్టింది. అక్కడ ఆ మోడల్ 1950ల్లోనే ఆగిపోయింది. పశ్చిమ బెంగాల్లోని ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీలో హిందుస్థాన్ మోటార్స్ మాత్రం అంబాసిడర్లను 2014 మే దాకా తయారుచేస్తూనే ఉంది. ప్రీమియర్ పద్మిని ఇటలీ ఫియట్ 1100కు బొంబాయి తోబుట్టువు. కాబట్టి ఇంగ్లండులో ముసలి మోరిస్‌ను ముద్దుగా చూసుకునే పెద్దమనిషి ఓ తలుపు పిడి కోసమో, స్టీరింగ్ బాక్సు కోసమో ఇండియా వైపు చూడటంలో వింత లేదు. పెళ్లికొడుకులనూ, ఎమ్మెల్యేలనూ, స్టేషను దగ్గర కిరాయిలనూ మోసి అలిసిన అంబాసిడర్ సామాను తుక్కులో కిలోల లెక్కన పోవడం కన్నా లండన్‌కు పౌండ్ల లెక్కన పోవడం మేలని ఎవరికైనా అనిపిస్తుంది. దొంగ పార్టీ పెట్టుబడి పెట్టేది సరిగ్గా ఈ ఆలోచన మీదే. పెట్టుబడంటే మరేం లేదు, ఓ ఉచిత మెయిల్ ఐడీ.

ఈ వ్యాపారంలో అతడి అసలు బలం ఇంగ్లీషూ కాదు, టెక్నాలజీ కాదు. "ఫారినోళ్లు మనలా కాదండీ, మాటంటే మాటేనండీ" అనే స్థానిక సిద్ధాంతం. దూరపు కొండలు నునుపు అని హెచ్చరించిన భాషలోనే ఈ సిద్ధాంతమూ వర్ధిల్లడం విశేషం. రావులపాలెం నుంచి సెల్ఫ్ మోటార్ కోసం ఓ డ్రైవరు వస్తే దాన్ని బ్యాటరీకి తగిలించి తిప్పి చూపిస్తారు. రేటు మీద అరగంట వాదన నడుస్తుంది. రెండు వందలు తక్కువైతే, అతడి ఊరూ ఇంటిపేరూ మేనమామ పేరూ తెలిసి కూడా, చూపుడువేలు గోడ మీది "అరువు రేపు" బోర్డు వైపు వెళుతుంది. అదే షాపులో ఆ సాయంత్రమే, మాంచెస్టర్‌లో ఉంటానని తనకు తాను చెప్పుకున్న ఓ పేరు కోసం గేర్‌బాక్సును చెక్కపెట్టెలో పెట్టి మేకులు కొడతారు. ఎదురింటివాడు కొత్త బండి కొంటే నాలుగు రోజులు ఎటకారం ఆడగల గోదావరి జిల్లాల మనుషులు "డియర్ సర్" అన్న రెండు మాటలకు చేతులు కట్టుకుని నిలబడతారు.

విదేశీ బేరం ఈ ప్రాంతానికి కొత్తయితే ఆ భక్తికి అర్థముండేది. 17, 18 శతాబ్దాల్లోనే పాలకొల్లులో డచ్చివారు, నరసాపురం పక్కన మాధవాయపాలెంలోనూ గోదావరి ముఖద్వారం దగ్గర ఇంజరంలోనూ ఇంగ్లీషు కంపెనీవారు, యానాంలో ఫ్రెంచివారు బట్టల వ్యాపారానికి స్థావరాలు పెట్టుకున్నారు. అప్పటి పద్ధతి ఏమిటంటే దళారుల ద్వారా ముందు నేతగాడికి అడ్వాన్సు ముట్టేది, ఆ తర్వాతే గుడ్డ ఓడ ఎక్కేది. ఆ అడ్వాన్సులను అడ్డుపెట్టుకుని కంపెనీవారు నేతగాళ్లను పీడించిన మాట నిజమే, వాళ్లు ధర్మాత్ములని ఎవరూ అనలేదు. అంతటి దోపిడీదార్లు కూడా వెండి ముందు పెట్టాకే సరుకు అడిగారు. ఇప్పుడు అదే డెల్టాలో విదేశీ కొనుగోలుదారుకు అమ్మేవాడే ఎదురు అడ్వాన్సు కడుతున్నాడు. దీన్నే ప్రగతి అంటారు కాబోలు.

భారత ప్రభుత్వానికి కూడా ఫారినోడి మాట మీద అంత గురి లేదు. విదేశీ కొనుగోలుదారు డబ్బు ఎగ్గొడితే ఎగుమతిదారు మునిగిపోకుండా బీమా ఇవ్వడానికి 1957లోనే ఒక సంస్థను పెట్టింది. దాని నేటి పేరు ఈసీజీసీ. అనుభవమున్న ఎగుమతిదారులు ప్రీమియం కట్టి మరీ అనుమానిస్తారు. కొత్తగా వచ్చినవాడు ఉచితంగా నమ్ముతాడు.

దొంగ పార్టీ ఉత్తరాన్ని దగ్గరగా చదివితే చాలా సంగతులు తెలుస్తాయి. "హలో డియర్, మీ ఐటమ్ ఇంకా ఉందా? కండిషన్ ఎలా ఉంది? ఆఖరి రేటు చెప్పండి" అని మొదలవుతుంది. ఐటమ్ అంటే ఏమిటో ఉత్తరంలో ఎక్కడా ఉండదు. కార్బురేటరన్న మాటా ఉండదు, అంబాసిడరన్న పేరూ ఉండదు. ఎందుకంటే అదే ఉత్తరం అదే నిమిషంలో పాత సోఫా అమ్మేవాడికీ, గేదెను అమ్మేవాడికీ వెళ్లింది. రేటు చెప్పగానే "ఓకే, దానిమీద ఇంకో యాభై డాలర్లు వేసుకోండి, వేరేవాళ్లకు అమ్మకండి" అని జవాబు వస్తుంది. ఆటోనగర్‌లో పుట్టి పెరిగినవాడికి ఇక్కడే దిమ్మ తిరగాలి. అడిగిన దానికన్నా ఎక్కువ ఇచ్చిన మనిషిని అతడు జీవితంలో చూసి ఉండడు. తిరగదు. ఆ తర్వాత జీవిత చరిత్ర వస్తుంది. తాను మెరైన్ ఇంజినీరు, ప్రస్తుతం నడిసముద్రంలో ఉన్నాడు, కాబట్టి ఫోను పలకదు. ఆన్‌లైన్‌లో డబ్బు పంపే పేపాల్ మాత్రం అలల మధ్య కూడా భేషుగ్గా పలుకుతుంది. సరుకు తండ్రి పుట్టినరోజు కానుక. తన షిప్పింగ్ ఏజెంటే వచ్చి పట్టుకెళతాడు.

నిజమైన పాత కార్ల పిచ్చివాడు ఇంత మంచివాడు కాడు. మహా విసిగిస్తాడు. పోతపోసినప్పుడు ఇనుము మీద పడ్డ నంబరు ఫొటో తీసి పంపమంటాడు. పక్కన స్కేలు పెట్టి ఇంకో ఫొటో అడుగుతాడు. గేరు పళ్లు అరిగాయా, మర ఇంచీలదా మిల్లీమీటర్లదా అని ఆరా తీస్తాడు. పార్శిల్ ఖర్చు విని గుండె బాదుకుంటాడు, పది పౌండ్లు తగ్గించమని వారం రోజులు ప్రాణం తీస్తాడు. ఇలాంటివాడిని చూసి "వీడు కొనే రకం కాదు" అని వదిలేసి, అడిగిందే తడవుగా ఒప్పుకున్నవాడి వెంట పడటమే ఈ వ్యాపారంలో ఎక్కువమంది పాటించే నియమం.

ఇక డబ్బు సంగతి. "పేపాల్‌లో పంపేశాను, చూసుకోండి" అంటాడు. మెయిల్ చూస్తే నిజంగానే నీలం అక్షరాలు, ముద్ర, మొత్తం, అన్నీ ఉంటాయి. కింద ఒక్క షరతు: పార్శిల్ ట్రాకింగ్ నంబరు పంపేదాకా సొమ్ము "హోల్డ్"లో ఉంటుంది. లేదా, సొమ్ములో ఏజెంటు కిరాయి కూడా కలిపి పంపారు కాబట్టి ముందు ఆ కిరాయి ఫలానా ఖాతాకు కట్టాలి, కట్టిన రసీదు చూపగానే మొత్తం విడుదలవుతుంది. పంపినవారి అడ్రసు జీమెయిల్ డాట్ కామ్‌తో ముగుస్తుంది. ప్రపంచమంతా వ్యాపారం చేసే కంపెనీకి సొంత మెయిల్ లేక జీమెయిల్ వాడుకుంటోందన్నమాట. ఆ మెయిల్లోని లింకు నొక్కకుండా విడిగా పేపాల్ ఖాతా తెరిచి చూస్తే నిల్వ సున్నా. ఈ పని చెయ్యడానికి రెండు నిమిషాలు పడుతుంది. చెయ్యకపోవడానికి ఆశ ఒక్కటే కారణం.

ఏజెంటు కిరాయి వెళ్లవలసిన ఖాతా మాంచెస్టర్‌ది కాదు, నడిసముద్రంలోని ఓడదీ కాదు. మన దేశంలోనే వేరే రాష్ట్రంలో, కమీషనుకు ఆశపడి పాస్‌బుక్కూ ఏటీఎం కార్డూ ఎవరికో అప్పగించినవాడి పేరున ఉంటుంది. పోలీసులు దీన్ని మ్యూల్ ఖాతా అంటారు. చాలాసార్లు ఫారిన్ పార్టీ ఇండియా పొలిమేర దాటి ఉండడు. బ్రిటన్ కోడ్ ప్లస్ నలభై నాలుగుతో మొదలయ్యే వాట్సాప్ నంబరు సంపాదించడానికి వీసా అక్కర్లేదు.

కొందరికి పేపాల్ అలవాటు ఉండదు. వాళ్ల కోసం బ్యాంకు రకం ఉంది. బ్యాంకులు పరస్పరం సందేశాలు పంపుకునే స్విఫ్ట్ ద్వారా పంపినట్టు ఎంటీ 103 అనే కాగితం ఫొటో వస్తుంది. దాని మీద అంకెలు, కోడ్లు, ముద్రలు ఎంత దట్టంగా ఉంటే అంత గౌరవం. ఆ కాగితాన్ని లామినేషన్ చేయించుకున్నా ఖాతాలో రూపాయి పడదు. తర్వాత రిజర్వ్ బ్యాంకు పేరుతో మెయిల్ వస్తుంది: డాలర్లను రూపాయల్లోకి మార్చే రుసుము, ఉగ్రవాద నిరోధక సర్టిఫికెట్, ఆదాయపు పన్ను క్లియరెన్సు. రిజర్వ్ బ్యాంకు మామూలు జనం పేరున ఖాతాలు నడపదని, ఇలాంటి మెయిళ్లు పంపదని ఏళ్ల తరబడి చెబుతూనే ఉంది. కానీ రిజర్వ్ బ్యాంకు తెలుగులో చెబుతోంది, మెయిలేమో ఇంగ్లీషులో వచ్చింది. ఏది నమ్మాలో వేరే చెప్పాలా?

చెక్కు రకం ఇంకాస్త పాతది. అరవై వేల సరుకుకు లక్షన్నర చెక్కు పంపి, "గుమస్తా పొరపాటు, మిగతాది వెనక్కి పంపండి" అంటాడు. ఖాతాలో జమ అంకె కనపడినంత మాత్రాన చెక్కు చెల్లినట్టు కాదు. విదేశీ చెక్కు వసూలుకు వారాలు పడుతుంది, తిరిగొచ్చినప్పుడు బ్యాంకు ఆ జమను లాగేసుకుంటుంది. వెనక్కి పంపినది మాత్రం అసలైన డబ్బు. యూపీఐ రకానికి అంత ఓపిక కూడా లేదు. "మా ఇండియా మేనేజరు పంపుతాడు, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటాడు. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, పుచ్చుకోవడానికి కాదు. కిళ్లీ కొట్టులో రోజూ స్కాన్ చేసి సొమ్ము కట్టేవాడు, ఫారిన్ పార్టీ కోడ్ దగ్గరికి వచ్చేసరికి అదే మీట తనకు డబ్బు తెచ్చిపెడుతుందని నమ్ముతాడు.

వీటన్నిటినీ దాటి డబ్బు నిజంగానే పడే సందర్భమూ ఉంది. అది దొంగిలించిన కార్డుదో, చేజిక్కించుకున్న ఖాతాదో కావచ్చు. పేపాల్‌లో కొనుగోలుదారుకు ఫిర్యాదు చెయ్యడానికి 180 రోజుల గడువుంది. ఈలోగా "సరుకు అందలేదు" అంటే, చేరినట్టు రుజువు చూపవలసింది అమ్మినవాడు. కొనుగోలుదారు పంపిన ఏజెంటు వచ్చి షెడ్డులోంచి పట్టుకెళ్లిన పెట్టెకు రుజువు ఏముంటుంది? ఏజెంటు తాగి వెళ్లిన టీ గ్లాసు తప్ప.

బాధితుల పక్షాన వినిపించే వాదనలు కూడా గ్రంథస్థం చేయదగ్గవే. "పాస్‌పోర్టు కాపీ కూడా పంపాడండీ" అనేది అందులో మొదటిది. ఆ పాస్‌పోర్టు ఇంతకుముందు మోసపోయిన మరో మనిషిది కావచ్చన్న ఆలోచన రాదు. "డబ్బు వాడే పంపుతుంటే మనకేం పోయిందండీ" అనేది రెండోది. ఈ మాట అన్నప్పటికి పంపినది ఇటువాడే. మూడోది, "ఇప్పటికే ఇరవై వేలు కట్టాం, ఇంకో పది కడితే మొత్తం వస్తుంది కదండీ." ఈ మూడో వాదన మీదే మొత్తం పరిశ్రమ నడుస్తోంది.

నైజీరియా శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షన్ 419. ఇలాంటి ముందస్తు రుసుముల మోసాలకు ప్రపంచమంతా ఆ అంకెనే పేరుగా పెట్టింది. భారతీయ శిక్షాస్మృతిలో అది 420. ఒక్క అంకె మనమే ముందున్నాం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో అది 318వ సెక్షన్‌కు మారింది, కంప్యూటర్ చాటున వేరొకరిగా నటించి మోసగిస్తే ఐటీ చట్టం 66డి కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. జనం నోట్లో మాత్రం మోసగాడు ఇంకా ఫోర్ ట్వంటీయే.

సక్రమంగా అమ్మేవాళ్ల పద్ధతిలో ఆకర్షణ ఏమీ లేదు. పాన్ కార్డుతో విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ వెబ్‌సైట్‌లో 500 రూపాయలు కట్టి ఎగుమతి దిగుమతి కోడ్ తీసుకుంటారు. చాలా వాహన విడిభాగాలకు కస్టమ్స్ శీర్షిక 8708 అని ఇన్‌వాయిస్ మీద రాస్తారు. సొమ్ము కరెంట్ ఖాతాకు ముందే రప్పించుకుంటారు. వచ్చిందో లేదో కొనుగోలుదారును కాదు, తమ బ్యాంకును అడుగుతారు. పెట్టెలో పెట్టే ముందు సామాను నంబరు కనిపించేలా ఫొటోలు తీసి, పార్శిల్ తామే బుక్ చేసి, కిరాయి రేటులోనే కలుపుతారు. ఇతరుల ఏజెంటును గుమ్మం ఎక్కనివ్వరు. డబ్బు పుచ్చుకోవడానికి డబ్బు కట్టమని అడిగినవాడితో బేరం అక్కడితో సరి. ఇలా చేస్తే పది మంది ఫారిన్ పార్టీల్లో తొమ్మిది మంది మాయమవుతారని కొత్తవాళ్లు భయపడతారు. మాయమవ్వాలనే పెట్టిన పద్ధతులవి.

డబ్బు పోయాక చెయ్యవలసినది 1930కి ఫోను. ఇది సైబర్ ఆర్థిక మోసాలకు కేంద్ర హోం శాఖ పెట్టిన జాతీయ నంబరు. ఫిర్యాదును సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో కూడా ఇవ్వవచ్చు. చెల్లింపు రసీదు మీది యూటీఆర్ నంబరు, వెళ్లిన ఖాతా వివరాలు, చాటింగ్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకోవాలి. కోపంతో చాట్ చెరిపేస్తే సాక్ష్యం పోతుంది. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా ఫిర్యాదు చేరితే బ్యాంకులు దాన్ని ఆపగలవు. నలుగురికీ తెలిస్తే నవ్వుతారని రెండు రోజులు ఆలోచించేవారి సొమ్ము ఈలోగా ఖాతాలు మారి ఏటీఎంలోంచి నోట్ల రూపంలో బయటికొస్తుంది. అందుకని ముందు 1930కి చెప్పండి. ఇంట్లోవాళ్లకు ఆ తర్వాత చెప్పవచ్చు.