మీ షుగర్ మీ చేతిలో, ఫీజు మా చేతిలో

"మీ షుగర్ మీ చేతుల్లోనే!" క్లినిక్ గోడ మీదా, షుగర్‌ని వెనక్కి తిప్పేస్తామనే రివర్సల్ ప్యాకేజీ కరపత్రం మీదా, యూట్యూబ్ వీడియో మీదా ఇదే మాట. అనేవాళ్లకి ఎంత కలిసొచ్చే మాటో! మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ తగ్గిందా, ప్యాకేజీ మహిమ. పెరిగిందా, "మీరు నోరు కట్టుకోలేదండీ". లాభమొస్తే తమది, నష్టమొస్తే ఎదుటివాడిది అనే ఈ ఏర్పాటు ఏ చిట్టీల కంపెనీకీ ఇంత శుభ్రంగా కుదరలేదు.

ఈ నినాదానికి శాస్త్రీయమైన వంశవృక్షం కూడా ఉంది. బతుకు పగ్గాలు తమ చేతిలో ఉన్నాయనుకుంటారా, బయట ఉన్నాయనుకుంటారా అని మనుషుల్ని కొలిచే ప్రశ్నావళిని అమెరికన్ మనస్తత్వవేత్త జూలియన్ రాటర్ 1966లో ప్రచురించాడు. 1978లో వాల్‌స్టన్లు, డెవెలిస్ అనే పరిశోధకులు కలిసి ఆరోగ్యానికి విడిగా ఒక కొలబద్ద తెచ్చి, అందులో మూడు పాయలు తీశారు: నా చేతిలో, డాక్టరు వంటి సమర్థుల చేతిలో, అదృష్టం చేతిలో. మూడూ ఒకే మనిషిలో ఉండొచ్చు. ఇన్సులిన్ వేసుకునేవాడికి తన మీదా, డోసు రాసిన డాక్టరు మీదా నమ్మకం ఉండి తీరాలి. పైగా, అంతా తన చేతిలోనే ఉందనుకునేవాళ్ల షుగర్ ఎప్పుడూ మెరుగ్గా ఉంటుందని తర్వాతి పరిశోధనలు ఒక్క గొంతుతో చెప్పిందీ లేదు. కరపత్రం రాసినవాళ్లు మొదటి పాయ దగ్గరే చదవడం ఆపేశారు.

క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు కరపత్రాలు చదవవు. బ్రిటన్‌లో 1977లో మొదలై ఇరవై ఏళ్లు సాగిన యూకేపీడీఎస్ అధ్యయనంలో, గట్టిగా వైద్యం చేసిన టైప్ 2 రోగుల్లోనూ మొదట దిగిన షుగర్ ఏళ్లు గడిచేకొద్దీ మళ్లీ పైకి పాకింది. తొమ్మిదేళ్లకు ఒకే మందుతో హెచ్‌బీఏ1సీ 7 లోపు నిలిచినవాళ్లు దాదాపు నాలుగోవంతే. మిగిలినవాళ్లంతా దొంగచాటుగా మైసూర్‌పాక్ తిన్నారనుకోవాలా? "జీవనశైలితో 58 శాతం తగ్గింది కదా" అని 2002 నాటి అమెరికా డీపీపీ అధ్యయనాన్ని చూపిస్తారు. నిజమే, కానీ అది షుగర్ వచ్చే ప్రమాదమున్నవాళ్లకి రాకుండా ఆపడంలో. అక్కడ ఒక్కొక్కరికీ ఒక కోచ్, ఎదురుగా కూర్చోబెట్టి 16 పాఠాలు. ఇంటిల్లిపాదికీ ఒకే గిన్నెలో రేషన్ బియ్యం వండి, ఆఖర్న మిగిలిందే తినే ఇల్లాలికి ఏ కోచ్ ఉన్నాడు? స్ట్రిప్పుల డబ్బా ధర చూసి వారం వారం చేసుకోవాల్సిన పరీక్షను నెలకోసారికి జరిపిన నైట్ డ్యూటీ వాచ్‌మన్‌కి ఎవరున్నారు?

"అయితే తలరాత అని చేతులెత్తేయమంటారా?" అని కొందరు కోప్పడతారు. అక్కర్లేదు. తలరాతకు వదిలేసినవాడు మాత్రలూ వదిలేస్తాడు, అది చిన్న ప్రమాదమేమీ కాదు. మాత్ర వేళకు వేసుకోవడం, రాత్రి అరికాళ్లు చూసుకోవడం పేషెంటు చేతిలోనివే. రిపోర్టులో అంకె మాత్రం చాలా చేతులు పడి తయారవుతుంది. పేషెంటు చేతిలో ఉన్న ఆ కాస్త పట్టైనా నేర్పితేనే వస్తుంది. జర్మనీలో పుట్టిన పద్ధతిని అందుకుని బ్రిటన్‌లో టైప్ 1 వాళ్లకు నడిపిన డాఫ్నే శిక్షణలో, కంచంలోని పిండిపదార్థాన్ని లెక్కగట్టి ఇన్సులిన్ డోసు తామే తేల్చుకోవడం ఐదు రోజులు కూర్చోబెట్టి నేర్పారు. నచ్చింది తింటూనే ఆర్నెల్లలో హెచ్‌బీఏ1సీ ఒక శాతం దాకా దిగింది. మన ప్యాకేజీల్లో ఆ లెక్కల క్లాసు ఉండదు. వాట్సాప్ గ్రూపులో మాత్రం రోజూ పొద్దున్నే "సంకల్పమే ఔషధం" అని సూర్యోదయం బొమ్మ ఒకటి వస్తుంది.