నా కోడ్‌లోని లాగ్ లైనుకు బహిరంగ లేఖ

ఓ లాగ్ లైనూ,

నా ప్రోగ్రాములో ఏం జరుగుతోందో చిట్టా రాయమని నిన్ను రాసింది నేనే. కాబట్టి తిట్టే హక్కూ నాదే.

మొన్న అర్ధరాత్రి రెండింటిదాకా నన్ను కూర్చోబెట్టావు. నా కోడ్ గుండా ఖమ్మం టౌను దరఖాస్తులు హాయిగా వెళ్తున్నాయి, చర్ల వైపు గూడేలవి మాత్రం కొన్ని మధ్యలో చచ్చిపోతున్నాయి. డేటాబేసును అనుమానించాను. సిగ్నల్‌ను తిట్టాను (అడవి అంచున ఉన్నవాళ్లకు అదో అలవాటు). తీరా చూస్తే దొంగవి నువ్వు! ఇంటి నంబరులో అటూ ఇటూ ఖాళీలు కత్తిరించి రాయమన్నాను నిన్ను. ఆ గూడేల్లో ఇంటికి నంబరెక్కడిది? అక్కడ ‘నల్’ (అసలు విలువే లేకపోవడం) ఎదురయ్యేసరికి కూలబడ్డావు, దరఖాస్తునూ కూల్చావు. కంచే చేను మేయడమంటే ఇదే.

పోనీ, చెప్పే మాటైనా పనికొస్తుందా? ‘ఇక్కడికి వచ్చింది’ అంటావు. ఏది? ఎక్కడికి? ఎప్పుడు? భద్రాచలంలో గోదావరి పెరిగితే ‘నీళ్లొచ్చాయి’ అని ఊరుకోరు. ఫలానా గంటకు ఇన్ని అడుగులంటారు. 43కి మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో 71.3 అని వినగానే, 1986 నాటి 75.6 చూసిన పెద్దలకు సామాను ఎక్కడిదాకా ఎత్తాలో ఇంకొకరు చెప్పక్కర్లేకపోయింది. నువ్వో, చినుకు పడినా ‘ఎర్రర్’ అని మూడో హెచ్చరిక ఎగరేస్తావు. అందుకే నిజంగా మునిగిన రోజున నీవైపు ఎవరూ చూడలేదు.

నీ నోటి దురద మరీ ఘోరం. 2018 మేలో ట్విట్టర్ 33 కోట్లమందికి పైగా వాడుకరులను పాస్‌వర్డ్ మార్చుకోమంది. హ్యాష్ చేయకముందే, అంటే గుర్తుపట్టలేని రూపంలోకి మార్చకముందే, వాటిని ఓ లోపలి లాగ్ ఉన్నవున్నట్టు రాసుకుంది మరి. మా దరఖాస్తుల్లో ఆధార్ నంబర్లున్నాయి, తల్లీ!

మీ వంశంలో పెద్దది, ఎన్నో ప్రోగ్రాములకు చిట్టా రాసిపెట్టే లాగ్‌ఫోర్‌జె. 2021 డిసెంబరులో దాని గుట్టు బయటపడింది. బయటివాడు టైపు చేసిన మాటను రాసుకుని ఊరుకోక, దాన్ని ఆజ్ఞగా తీసుకుని ఎక్కడి సర్వర్ నుంచో కోడ్ తెచ్చి నడిపేది. మైన్‌క్రాఫ్ట్ ఆట చాట్‌లో ఒక్క వరుస చాలింది. చిట్టా రాసే గుమాస్తా అందులోని మాట విని బీరువా తెరిచినట్టు.

నిన్ను తీసేయను, రాత్రి రెండింటికి నువ్వు తప్ప నాకు దిక్కులేదు. సమయం, దరఖాస్తు నంబరు, ఆగిన మెట్టు రాయి. ఆధార్ జోలికి పోకు. ఇంటి నంబరు లేకపోతే ‘లేదు’ అని రాసి, ఆ దరఖాస్తును ముందుకు పోనీ.

ఇట్లు,
నిన్ను రాసినవాడు,
భద్రాచలం