బాక్సులో బిడ్డ, బిల్లులో తండ్రి

పురిటికి ముహూర్తం పంతులుగారు పెడతారు. ఆసుపత్రి పేరు బావమరిది చెబుతాడు. పల్లెటూరైతే ఆర్‌ఎంపీ గారే ఆటో ఎక్కిస్తారు. మీరు గేటు దాటేలోపే ఆయన కమీషన్ ఆయనకు ముడుతుంది. పిల్లల డాక్టర్ని మాత్రం తల్లిదండ్రులే ఎంచుకోవాలట! బాగా ఆలోచించి మరీ ఎంచుకోవాలట! ఎక్కడ ఎంచుకోవాలి సార్? ఎప్పుడు?

తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు సిజేరియన్లేనని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. కోత కోసేది ఆసుపత్రి. బిడ్డను అందుకునేది ఆ ఆసుపత్రి పిలిపించిన డాక్టర్. ఆయనెవరో, ఏం చదివారో మత్తులో ఉన్న తల్లికి తెలియదు. తండ్రికి అసలే తెలియదు. ఆయన కింద కౌంటర్లో అడ్వాన్సు కడుతున్నాడు. అరగంటకు నర్సు వచ్చి కాగితం చాపుతుంది. ‘‘బేబీ కొంచెం ఆయాసపడుతోంది, బాక్సులో పెట్టాలి, ఇక్కడ సంతకం పెట్టండి.’’ అదీ మన ఎంపిక! నీలం పెన్నుతో పెడతారా, నల్ల పెన్నుతోనా, అది మీ ఇష్టం.

బాక్సు అవసరమైన బిడ్డలుంటారు. నెలలు నిండనివారు, ఊపిరి అందనివారు, కామెర్లు ముదిరినవారు. వాళ్లను బతికించే డాక్టర్లకు చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ బాక్సు బిడ్డకు అవసరమా, బిల్లుకు అవసరమా? కామెర్ల అంకె ఎంతుంది, ఎంత దాటితే లైటు కింద పెడతారు? రాత్రి రెండింటికి అక్కడుండేది పిల్లల డాక్టరా, ఏదో ఒక తెల్లకోటా? రోజుకెంత? మందులు బయట షాపులో తెచ్చుకోవచ్చా? ఒక్కటి అడిగి చూడండి. ‘‘డాక్టర్ మీరా, నేనా?’’ అన్న గద్దింపే జవాబు. సీలింగ్ ఫ్యాను కొన్నా చేతికి వారంటీ కాగితం వస్తుంది.

తెల్లకోటు సంగతి ఊరికే అనలేదు. 2024 మేలో ఢిల్లీ వివేక్ విహార్‌లో పసికందుల ఆసుపత్రి తగలబడింది. లైసెన్సు గడువు మార్చి 31తోనే తీరిపోయింది. అనుమతి 5 పడకలకు, లోపల ఉన్నది 12 మంది. డ్యూటీలో ఉన్నది ఆయుర్వేద పట్టా ఉన్న డాక్టర్. ఇవన్నీ ఎప్పుడు బయటపడ్డాయి? చిట్టి శవాలు లెక్కపెట్టాక! అప్పటిదాకా తనిఖీ చేయాల్సిన దొరలు ఏ గుడ్డి గుర్రానికి పళ్లు తోముతున్నారు?

ఇక పాలడబ్బా. దానికి 1992లోనే చట్టం వచ్చింది, 2003లో మరింత బిగించారు. పోతపాల కంపెనీలు ప్రచారం చేయకూడదు. డాక్టర్లకు కానుకలివ్వకూడదు, సదస్సులకు డబ్బు పెట్టకూడదు. తల్లిపాలే శ్రేష్ఠమని డబ్బా మీద రాసి తీరాలి. రాస్తున్నారు పాపం! డబ్బా మీద కంపెనీ తల్లిపాలు రాస్తుంది, చీటీ మీద డాక్టర్ డబ్బా రాస్తాడు. కుట్లతో పక్కకు ఒత్తిగిలలేని తల్లిని చూసి ‘‘పాలు పడలేదమ్మా’’ అని తేల్చేయడానికి ఎంతసేపు? మొదట వచ్చేవి ముర్రుపాలు, నాలుగు చెంచాలే వస్తాయి, బిడ్డకు అవే చాలు అని పక్కన కూర్చుని చెప్పే తీరిక ఎవరికుంది? దానికి బిల్లు పడదుగా! చట్టం మీరితే మూడేళ్ల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా. జైలుకెళ్లిన మహానుభావుడు ఎవరైనా మీకు తెలుసా? జరిమానా సంగతంటారా, చాలాచోట్ల బాక్సులో ఒక్క రాత్రి ఖరీదు అంతకన్నా ఎక్కువే.

టీకాల దగ్గర ఇంకో తమాషా. ‘‘నొప్పి లేనిది వేయమంటారా, మామూలుదా?’’ ఏ తల్లి బిడ్డకు నొప్పి కావాలంటుంది? జేబు ఖాళీ. రక్షణలో మామూలు టీకా ఏమీ తీసిపోదన్న ముక్క మాత్రం ఏసీ గదిలో వినపడదు. రోటా టీకా చుక్కలు మన హైదరాబాద్‌లోనే తయారయ్యాయి. 2016లో వాటిని ఉచితంగా వేయడం మొదలుపెట్టిన తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏఎన్‌ఎం అక్క పిలిచి మరీ వేస్తుంది. అబ్బే, ‘‘గవర్నమెంటు టీకానా?’’ అని మనం ముక్కు విరుస్తాం. మన బడాయికి మందు లేదు.

ఇన్ని జరుగుతుంటే పైవాళ్లు ఊరుకున్నారా? లేదండీ! 2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు ప్రకటించింది. మందులు జెనరిక్ పేర్లతో రాయాలి, కంపెనీల కానుకలు ముట్టకూడదు. డాక్టర్ల సంఘాలు గొల్లుమన్నాయి. ఆగస్టు 23న నిబంధనలు అటకెక్కాయి. ఇరవై ఒకటో రోజున బిడ్డకు బారసాల చేస్తాం. వీళ్లు నిబంధనలకు దినం పెట్టారు. పాత నియమాల్లోనూ కానుకలు నిషేధమే. ఆ ముక్క మెడికల్ రెప్‌ల సంచీలకు ఎవరైనా చెప్పారా?

డబ్బయిపోయిన రోజు డాక్టర్‌కు హఠాత్తుగా సర్కారు ఆసుపత్రి గుర్తొస్తుంది. ‘‘నీలోఫర్‌కు తీసుకెళ్లండి.’’ జబ్బు చేసిన పసికందుకు ప్రభుత్వ ఆసుపత్రిలో అన్నీ ఉచితమని 2011లోనే కేంద్రం జననీ శిశు సురక్ష పథకం పెట్టింది. మరి మొదటిరోజే ఎందుకు చెప్పలేదయ్యా? పుస్తెలతాడు తాకట్టు పడేదాకా ఎందుకు ఆగావు?

వెళ్లాలంటే మనకూ భయమే. పెద్దాసుపత్రుల్లో రద్దీ ఎంతో తెలిసిందే కదా. అక్కడ అన్నీ బ్రహ్మాండమని మైకుల్లో ఊదరగొట్టే మంత్రిగారూ, మీ మనవడు ఏ ఆసుపత్రిలో పుట్టాడు? పేరు చెప్పండి చాలు. మేమూ దాన్నే ఎంచుకుంటాం.