తొమ్మిదా, పదా, తొమ్మిదిన్నరా?

గిటార్‌కి నైన్స్, అంటే 9 గేజ్ తీగలు, వేస్తే మరీ వదులు, చేతికి ఏమీ తగిలినట్టుండదు. టెన్స్ వేస్తే తీగని నాలుగుసార్లు పక్కకి లాగి బెండ్ చేసేసరికే వేలు లబోదిబోమంటుంది. రెంటికీ మందంలో తేడా ఎంతయ్యా అంటే అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటరుని నలభై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. కంటికి ఆనదు, గోటికి అందదు. కానీ తీగ బిగువు పెరిగేది మందం లెక్కన కాదు, మందం వర్గం లెక్కన. తీగ పొడవు 25.5 అంగుళాలుండే స్ట్రాటోకాస్టర్ గిటార్ మీద మొదటి తీగని శ్రుతి చేస్తే, 9 గేజ్ దగ్గర సుమారు 6 కిలోలున్న బిగువు 10 దగ్గర 7 దాటిపోతుంది. చిన్నప్పుడు లెక్కల క్లాసులో పడుకున్నందుకు ఇప్పుడు వేలి కొసన వడ్డీతో సహా కడుతున్నాను.

షాపులో కుర్రాడికి ఈ సందేహాలేం లేవు. "టెన్స్ వేసుకోండి అంకుల్, టోన్ వస్తది. నైన్స్ బిగినర్స్‌కి" అన్నాడు. అంకుల్, బిగినర్ అన్న రెండు మాటల్నీ ఒకే మనిషి మీద ఒకే గుక్కలో వేశాడు. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 గేజ్ వాయించేవాడని కూడా చెప్పాడు. నిజమే. ఆ మహానుభావుడు శ్రుతిని అర స్వరం దించుకుని వాయించేవాడని, వేళ్ల చర్మం లేచిపోతే సూపర్ గ్లూతో అతికించుకునేవాడని మాత్రం చెప్పలేదు. ఆయనలాగే టెక్సాస్‌లో పుట్టిన బిల్లీ గిబ్బన్స్ వాడేది 7. ఆయన గిటార్‌ని ఓసారి బి.బి. కింగ్ చేతిలోకి తీసుకుని, ఎందుకయ్యా ఇంత కష్టపడతావ్ అన్నాడట. ఆ తరవాతే సన్న తీగలకి మారానని గిబ్బన్సే చెప్పుకున్నాడు. ఆయన టోన్‌కి ఇంతవరకూ ఎవరూ వంక పెట్టలేదు.

పూర్వం ఈ బాధ లేదు. 1950లలో కంపెనీ ఇచ్చిన లావు తీగలే గతి. మూడో తీగక్కూడా చుట్టు ఉండేది. బెండ్ కావాలనుకున్న ఘటికులు పైన ఓ బాంజో తీగ తగిలించి, మిగతావాటిని ఒక్కో స్థానం కిందికి జరిపి, ఆరోదాన్ని పక్కన పడేసేవారు. 1960ల మొదట్లో కాలిఫోర్నియాలో కొట్టు నడుపుతున్న ఎర్నీ బాల్, సన్న తీగల సెట్లు కట్టి అమ్మాడు. మనకి ఎంచుకునే స్వేచ్ఛ వచ్చింది, నిద్ర పోయింది.

ఇప్పుడు విప్పిన తీగల సంగతి. గేజ్ మార్చినప్పుడల్లా నిక్షేపంలాంటి తీగలు ఆరు మిగులుతాయి. పారేయడానికి మా అమ్మ ఒప్పుకోదు. 46 గేజ్ ఆరో తీగ సింకు గొట్టం పాలయింది. దాని మీద చుట్టు ఉంటుంది కదా, లోపల తిప్పి లాగితే వారం నాటి కరివేపాకుతో సహా అన్నీ బయటికొస్తాయి. నాలుగో తీగతో బీరపాదుని పందిరికి కట్టింది. సన్న తీగలు ఉడికిన గుడ్లు కోయడానికి. 9, 10 రెండూ గుడ్డుని ఒకేలా కోస్తున్నాయి, టోన్‌లో తేడా ఏమీ కనిపించలేదు. తీగ కొసన ఉండే ఇత్తడి పూసల్ని అమ్మ హార్లిక్స్ సీసాలో దాస్తోంది. ఎందుకో అడిగితే "ఉండనీరా, ఎప్పుడో అవసరపడతాయి" అంటుంది. ఇది చాలదన్నట్టు ఎదురింటి పిన్నిగారు కూడా అడిగారు: "ఏం బాబూ, ఆ లావుది ఇంకొకటి ఉందా? సన్నది మా సింకులో వంగిపోతోంది." గేజ్ విషయంలో నాకింతవరకూ తగిలిన ఏకైక సూటి అభిప్రాయం ఇదే.

అసలు నా కడుపుమంట వేరే ఉంది. మార్చేది తీగలే కదా అనుకుంటాం. లావు తీగ వెయ్యగానే బ్రిడ్జి పైకి లేస్తుంది. దాన్ని దించాలంటే వెనక మూత తీసి స్ప్రింగుల మరలు బిగించాలి. ఈలోగా మెడ ముందుకి వంగి, తీగలు ఫ్రెట్ల మీంచి పైకి లేస్తాయి. ట్రస్ రాడ్ తిప్పాలి. తిప్పాక పన్నెండో ఫ్రెట్ దగ్గర అపస్వరం. స్క్రూడ్రైవర్ పట్టుకున్నంత సేపు కూడా వాయించలేదు నేను.

దీనికీ మందుందన్నాడు కుర్రాడు. 9.5 సెట్ వచ్చిందట. వెయ్యో వంతులో సగం! తటపటాయిస్తుంటే "10.5 కూడా ఉంది అంకుల్, తియ్యమంటారా?" అన్నాడు.

తీగలు మార్చినవారిలో మాండొలిన్ విద్వాంసుడు పాలకొల్లు శ్రీనివాస్ గారూ ఉన్నారు. ఆయన మాండొలిన్‌కి ఉండే జంట తీగల్ని వదిలేసి, అయిదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ వాద్యం చేపట్టారు. గమకం పలకాలి కాబట్టి. ఆయనకి ఏం వాయించాలో ముందే తెలుసు. నాకు తీగల ధరలు మాత్రం కంఠతా వచ్చు.

ఒకప్పుడు ఆఫీసులో హాజరు మిషను నా ఎడమ చూపుడు వేలిని గుర్తుపట్టేది కాదు, కొసంతా కాయలు కాసి గీతలు చెరిగిపోయి. మళ్లీ పెట్టు, మళ్లీ పెట్టు అనేది. ఈమధ్య వేలు ఆనించీ ఆనించగానే 'థాంక్యూ' అంటోంది.

ప్రస్తుతానికి నైన్సే ఉంచాను. చర్మం గట్టిపడితే టెన్స్ సంగతి చూద్దాం. స్ప్రింగుల మూత మాత్రం ఇంక తియ్యను. దాని మరల్లో ఒకటి ఎలాగూ సోఫా కింద పోయింది.