అలగని అల్లుడికి అలకపాన్పు

ఈమెయిల్ మార్కెటింగ్ లోకంలో అలిగినవాళ్లే తప్ప విసిగినవాళ్లు ఉండరు. మూడు నెలలుగా మెయిల్ తెరవలేదంటే ఆ మనిషికి మన సరుకుతో పని లేదేమో అన్న అనుమానం అక్కడ ఎవరికీ కలలో కూడా రాదు. అలకే! తక్షణం పాన్పు పరుస్తారు. మొదటి మెయిల్ "మీరు లేక బోసిపోయింది" అని మూలుగుతుంది. వారం ఆగి రెండోది పది శాతం తగ్గింపుతో వస్తుంది. కదలకపోతే ఇరవై. మూడోది గొంతు మార్చి "ఇదే మా చివరి ఉత్తరం" అని కన్నీళ్లు పెట్టుకుంటుంది. నాలుగోది ఆ చివరి ఉత్తరం అందిందో లేదో కనుక్కోవడానికి వస్తుంది. పెళ్లికొడుకైతే కనీసం తాళి కట్టాక అలుగుతాడు. ఇక్కడ మనం చేసిందల్లా ఎప్పుడో ఒక చార్జర్ కేబుల్ కొనడం.

ఈ తంతుకు వాళ్లు పెట్టుకున్న పేరు విన్‌బ్యాక్. ప్రేమలేఖ కాబట్టి పేరు పెట్టి పిలవాలి. పిలిచేదేమో సాఫ్ట్‌వేర్. ముందు వచ్చేదే మనిషి పేరని దాని నమ్మకం. మనకు ముందు వచ్చేది ఇంటిపేరు. అందుకే "హాయ్ గుర్రం, నువ్వు బాగా గుర్తొస్తున్నావు" అనీ, "మేకల, ఇది నీకోసమే" అనీ ఉత్తరాలొస్తాయి. ఇంటిపేరును పొడి అక్షరంతో సరిపెట్టుకున్నవాళ్లకు "డియర్ కె, మన మధ్య ఏం జరిగింది?" అని వస్తుంది. ఒక్కోసారి పేరుండాల్సిన చోట ఉత్త బ్రాకెట్లే ఉంటాయి. విరహం ముదిరితే పేరు కూడా గుర్తుండదు కాబోలు.

అసలు భయం వేరే ఉంది, దాన్ని మాత్రం ఉత్తరంలో రాయరు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ కంపెనీలు టోకున మెయిళ్లు పంపేవాళ్లకు షరతులు బిగించాయి. జీమెయిల్ చిరునామాలకు రోజుకు ఐదు వేలు, ఆపైన పంపేవాళ్లు తామెవరో రుజువు చేసుకోవాలి, ఒక్క నొక్కుతో వదిలించుకునే వీలు ఇవ్వాలి, స్పామ్ ఫిర్యాదులు 0.3 శాతం దాకా పోకుండా చూసుకోవాలి. అంటే వెయ్యిమందిలో ముగ్గురు మొహం చిట్లించినా ముప్పే. దానికి తోడు, ఏళ్ల తరబడి ఎవరూ వాడని చిరునామాలను కొన్ని మెయిల్ సంస్థలు వలలుగా మారుస్తాయి. వాటికి ఎవరు రాస్తే వాళ్లు చెత్త జాబితా మోస్తున్నారని తెలిసిపోతుంది. పని తెలిసినవాడు పలకని పేర్లను చప్పుడు చేయకుండా తీసేస్తాడు. తీసేయడానికి కన్నీళ్లు, కూపన్లు అక్కర్లేదు. కానీ జాబితా పొడవును చూసి జీతం పెంచే ఆఫీసులో కత్తెర పట్టుకునేదెవరు?

సరే, అలక తీరిందని వాళ్లకెలా తెలుస్తుంది? మెయిల్లో కంటికి కనిపించని ఒక బొమ్మ ఉంటుంది, ఒకే ఒక్క పిక్సెల్. అది లోడైతే మనం మెయిల్ తెరిచినట్టు లెక్క. 2021 సెప్టెంబరులో ఐఓఎస్ 15తో పాటు ఆపిల్ తన మెయిల్ యాప్‌లో ఒక రక్షణ పెట్టింది. దాన్ని ఎంచుకున్నవాళ్ల మెయిళ్లలోని బొమ్మలను, మనిషి చూసినా చూడకపోయినా, ఆపిల్ సర్వర్లే ముందుగా తెచ్చిపెట్టేస్తాయి. అంటే మనం గుర్రుపెట్టి నిద్రపోతుంటే మన తరఫున ఎక్కడో ఒక సర్వర్ అలక మానేసిందన్నమాట. మీటింగులో మెయిళ్లు తెరిచినవాళ్ల లెక్క చూపే గీత పైకి లేస్తుంది, చప్పట్లు మోగుతాయి. ఆ సర్వర్ ఇంతవరకు చీర కొన్న దాఖలా లేదు.

మౌనం అర్ధాంగీకారమన్నారు పెద్దలు. మిగతా సగాన్ని మార్కెటింగ్ వాళ్లే పూరించుకున్నారు. పోనీ, నోరు తెరిచి వద్దన్నవాళ్లనైనా వదిలారా? బ్రిటన్‌లో ఫ్లైబీ అనే విమాన సంస్థ 2016 ఆగస్టులో 33 లక్షల మెయిళ్లు పంపింది. "మీ వివరాలు సరిగ్గానే ఉన్నాయా?" అని ఎంతో అమాయకమైన ప్రశ్న. ఎంపికలు సరిచూసుకుంటే లాటరీలో బహుమతి రావచ్చని ఆశ కూడా పెట్టింది. అందుకున్నవాళ్లంతా ప్రచార మెయిళ్లు వద్దని అంతకుముందే చెప్పినవాళ్లు. అక్కడి సమాచార కమిషనర్ కార్యాలయం 2017 మార్చిలో 70,000 పౌండ్ల జరిమానా వేసింది. అదే విడతలో హోండాకు 13,000 పౌండ్లు పడ్డాయి. మా కబుర్లు మీకు ఇష్టమేనా అని అడుగుతూ హోండా పంపిన మెయిళ్లు 2,89,790. అవి ప్రచారం కాదు, చట్టాన్ని పాటించడంలో భాగంగా చేసిన సేవ అన్నది దాని వాదన. చట్టం మీద ఉన్న భక్తి కొద్దీ చట్టాన్ని తొక్కిన సందర్భం ఇంత నిండుగా మరోటి దొరకదు.

మన దగ్గరా కాగితాల మీద లోటేమీ లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి ఇచ్చినంత తేలిగ్గా దాన్ని వెనక్కి తీసుకునే వీలుండాలి. అదే ఏడాది నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 13 రకాల మాయదారి పద్ధతులను నిషేధించింది. వద్దన్నవాడిని సిగ్గుపడేలా చేయడం అందులో ఒకటి. ఇప్పుడు మీ మెయిల్ అడుగుకు వెళ్లి చూడండి. తెల్లటి నేపథ్యం మీద లేత బూడిదరంగులో, ఇక మెయిళ్లు వద్దని చెప్పే లింకు ఉంటుంది. నొక్కితే లాగిన్ అవమంటుంది. పాస్‌వర్డ్ మర్చిపోయామంటే ఓటీపీ పంపుతుంది, మనం ఎప్పుడో వదిలేసిన పాత నంబరుకు. అన్నీ దాటాక రెండు బటన్లు: "ఉండిపోతాను", "వద్దు, నాకు డబ్బు ఆదా చేసుకోవడం ఇష్టం లేదు".

ఈ బతిమాలుడంతా పట్టనట్టు నెలనెలా బుద్ధిగా పూర్తి ధర కట్టి కొనేవాళ్లు కొందరుంటారు. వాళ్లకు పది శాతం కాదు కదా, పలకరింపు కూడా ఉండదు. ఉన్నవాడికి బిల్లు, పోయినవాడికి కూపన్! తెలివైనవాళ్లు ఈ సూత్రం కనిపెట్టేశారు. సరుకు కార్టులో వేసి, కొనకుండా, రెండు రోజులు బిర్రబిగుసుకుని కూర్చుంటున్నారు. తగ్గింపు దానంతటదే వస్తోంది.

చివరి ఉత్తరమంటే నిజంగా చివరిదే అయిన సంఘటన ఒకటుంది. బ్రిటన్‌లోనే వెదర్‌స్పూన్ అనే పబ్బుల సంస్థ 2017 జూన్‌లో తన కస్టమర్లకు ఒక మెయిల్ రాసింది. ఇకపై వార్తా మెయిళ్లు పంపబోమనీ, చిరునామాలన్నీ చెరిపేస్తున్నామనీ అందులో ఉంది. కూపన్ లేదు, కన్నీళ్లు లేవు. మరుసటి ఏప్రిల్‌లో ఫేస్‌బుక్, ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలు కూడా మూసేసింది. పబ్బులు మాత్రం మూయలేదు. దాహం వేసినవాళ్లు ఎవరూ మెయిల్ రాయకుండానే వెళ్లి తాగొస్తున్నారు.